నిద్రపోయే బిడ్డ, ఆగిన మగ్గాలు

మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఆ ఇంటి ఆడవాళ్లు ఏదో ఒక సాకుతో నా దగ్గరికి వస్తారు. ఒకరికి మజ్జిగ తోడు కావాలి, ఒకరికి గుప్పెడు వాము కావాలి. ఇచ్చాక వెంటనే పోరు. గడపలో నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ, అసలు సంగతి అప్పుడు అడుగుతారు.

"అవ్వా, పాప ఒగటే మైన నిద్రపోతాండాది. లేపి పాలియ్యల్లనా, వద్దా?"

నెలలు నిండి పుట్టి, ఒళ్లు చేసి, ఆకలేస్తే వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చే బిడ్డయితే హాయిగా పడుకోనీయమంటాను. నలుసంత బిడ్డ అయితే, పుట్టి పట్టుమని పది రోజులు కానిదైతే, లేపమంటాను. లేపినా లేవకపోతే నా దగ్గర కూర్చోకుండా ఆసుపత్రికి పొమ్మంటాను. కొందరికి కోపం వస్తుంది. నిద్రపోయే బిడ్డను లేపమనే ముసలిది ఎక్కడైనా ఉంటుందా అన్నట్టు చూస్తారు. చూడనీ. నేను చూసింది వాళ్లు చూడలేదు.

డెబ్బైలలో మాట ఇది. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ ఎండిపోయింది. పొలాల మీద బతికేవాళ్లు ధర్మవరం వచ్చి మగ్గాల దగ్గర ఏదో ఒక పని అడుక్కుంటున్నారు. మా అత్తగారిది ధర్మవరంలో నేతగాళ్ల వీధి. వీధి అంటే వీధంతా ఒక్క ఇంటిపేరే. ఎప్పుడో ఒక ముత్తాత కట్టిన ఇల్లు పంచుకుంటూ పంచుకుంటూ వీధయింది. అందరూ దాయాదులే, అందరివీ గుంత మగ్గాలే. ముందు గదిలో నేల తవ్వి, ఆ గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని పట్టుచీరలు నేస్తారు. తెల్లారిందంటే పోగును బిగించే పలకల చప్పుడు ఒక ఇంట్లో మొదలై వీధంతా పాకుతుంది. మళ్లీ దీపాలు పెట్టేదాకా ఆగదు.

నేను ఆ చప్పుడులో పుట్టినదాన్ని కాదు. గుంతకల్లులో, పట్టాల పక్క రైల్వే క్వార్టర్లలో పెరిగాను. మా నాయన రైల్వేలో పని. గూడ్సు బండ్లు ఇంటి గోడలు అదిరేలా పోతుంటే గుర్రు పెట్టి నిద్రపోయేవాళ్లం. అందుకే అత్తగారింట్లో అందరూ "గుంతకల్లు పిల్లకు మగ్గం చప్పుడు పడతాదో లేదో" అని దిగులు పడుతుంటే నాకు నవ్వొచ్చింది. పడడం కాదు, పెళ్లయిన ఏడాదికే నేను మగ్గం దగ్గర కూర్చున్నాను. చీరకు రెండు వైపులా పెద్ద అంచులుంటే నేసే మనిషి ఒక్కడే చాలడు. మా ఆయన నేస్తుంటే పక్కన కూర్చుని, అవతలి అంచుకు పేక పోగు మోసే నాడె విసరడం నా పని. కడుపుతో ఉన్నప్పుడు కూడా మానలేదు. కూర్చుని చేసే పనే కదా అన్నారు, నాకూ అది ఇష్టమే.

తొమ్మిదో నెల రాగానే కాన్పుకు నన్ను గుంతకల్లు పంపాలనుకున్నారు. బిడ్డ అంతవరకూ ఆగలేదు. ఒకరోజు పొద్దున నాడె చేతిలో ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసానిని పిలిచేసరికి, ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ వచ్చేసరికి, పక్కగదిలో నులకమంచం మీద ఆడపిల్ల పుట్టేసింది. మా అత్త రెండు చేతులూ పట్టనక్కర్లేదు, ఒక్క అరచేతిలో పట్టింది. గోళ్లు ఇంకా పూర్తిగా రాలేదు. చెవులు మెత్తగా, మడిస్తే మడిచినట్టే ఉండిపోయేంత మెత్తగా ఉన్నాయి. పాత పంచె గుడ్డ పరిచిన చేటలో పడుకోబెట్టి నా పక్కన పెట్టారు. ఏడవడం కూడా ఏదో పెద్దల మాట కాదనలేక అన్నట్టు ఒకసారి ఏడ్చి, కళ్లు మూసేసింది.

ఆ పూటే వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి.

వాళ్ల ఆచారం అది. వంశంలో బిడ్డ పుడితే దాయాదులందరికీ పురుటి మైల. మైల తీరేదాకా మగ్గం ముట్టుకోరు, అది వాళ్లకు అమ్మవారు. ఆ సంగతి నాకు ముందే చెప్పారు, విన్నాను, కానీ అదెలా ఉంటుందో ఊహించలేదు. మా మామ ఆ వీధికి పెద్ద. ఆయన మగ్గం మీద పసుపు నీళ్లు చల్లి, గుడ్డ కప్పి లేవగానే, పక్కింటి చప్పుడు ఆగింది. ఎదురింటిది ఆగింది. అలా ఒక్కొక్కటే ఆగుతూ వీధి చివరికి పోయి, ఇంకేమీ మిగల్లేదు. కాకి అరిస్తే వినపడింది. ఎవరో బావి దగ్గర బిందె పెడితే వినపడింది. మంచం మీద పడుకుని నేను ఆ నిశ్శబ్దాన్ని విన్నాను. చేటెడు కూడా లేని ఈ ప్రాణి వచ్చిందని ఇంతమంది పని ఆపి కూర్చున్నారా అనుకున్నాను. కరువు కాలంలో, రోజు గడవడమే గగనమైన కాలంలో, ఒక్కరూ విసుక్కోలేదు.

బిడ్డ నిద్రపోయింది. ఆ రోజంతా, మర్నాడంతా నిద్రపోయింది. ఎంత నిద్రంటే, నేను పుట్టి బుద్ధెరిగి అంత నిద్ర చూడలేదు. మాడు మీద చర్మం పైకీ కిందికీ ఆడుతుంటే దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఊపిరి నాలుగుసార్లు గబగబా తీసుకుని, కాసేపు అసలు తీసుకోకుండా ఉండేది. ఇంతలో మళ్లీ చిన్నగా పక్కలు కదిలేవి. నిద్రలో ఒకసారి నవ్వింది కూడా. ఎవరిని చూసి నవ్విందో, ఏ లోకంలో ఉందో! ఇదంతా నా కడుపులోనే జరిగిందా, నేను అంచు నాడె విసురుకుంటూ, కూరకు ఉప్పు సరిపోయిందా అని ఆలోచించుకుంటూ ఉన్నప్పుడు ఈ చెవులూ ఈ కనుబొమలూ వాటంతటవి తయారయ్యాయా అనుకుంటే నమ్మబుద్ధి కాలేదు.

మా అత్త మురిసిపోయింది. గది గుమ్మానికి వేపాకు కట్టి, కుంపట్లో సాంబ్రాణి వేసి, బిడ్డను మూడు గుడ్డల్లో చుట్టి, వచ్చినవాళ్లందరికీ గడప బయట నుంచే చూపించేది.

"ఏడుపే ల్యా. బంగారు తల్లి. దేవుడు ఆడిస్తాండాడు దీన్ని."

"పాలకు లేపుతా అత్తా," అన్నాను నేను రెండో రోజు.

"లేపద్దు. ఆకలైతే అదే లేస్తాది. దేవుడు ఆడిస్తాంటే మధ్యలో పోయి లాక్కుంటామా?"

ఆమె మాటలో మొండితనం ఒక్కటే ఉందనుకున్నాను అప్పుడు. ఆమెకు నాకు ముందే పేచీ. నేను గుంతకల్లు నుంచి తెచ్చుకున్న పెద్ద స్టీలు గ్లాసు దగ్గర్నుంచి పేచీ. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని ఆ గ్లాసు దాచేసింది. నేను దాన్ని వెతుక్కుంటూ గదంతా తిరిగాను. అలాంటి పేచీల్లో ఇదొకటి అనుకున్నాను.

మూడో రోజు నాకు పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్లయ్యాయి, రవిక తడిసిపోతోంది, జ్వరం వచ్చినట్టుంది. తాగాల్సింది మాత్రం చేటలో కదలకుండా పడి ఉంది. రొమ్ముకు పెడితే పెదవులు తగిలించి, ఒకటి రెండు గుక్కలు లాగి, అలాగే నిద్రలోకి జారిపోతుంది. నోట్లోంచి పాలు పక్కకు కారిపోతాయి. నాకు మొదటిసారి భయం వేసింది.

నర్సమ్మ వచ్చింది. దూలానికి కాటా వేలాడగట్టి, గుడ్డ ఉయ్యాలలో బిడ్డను తూచింది. మళ్లీ తూచింది. కనురెప్ప ఎత్తి చూసింది. పచ్చగా ఉంది. చుట్టిన గుడ్డలన్నీ విప్పేసి, కుంపటి బయట పెట్టించింది.

"పాలు ఎన్నిసార్లు తాగుతాండాది?"

"లేస్తేనే కదమ్మా తాగేది," అంది మా అత్త. "ఆకలైతే లేస్తాది."

"ఆకలైందని ఏడ్చేదానికి కూడా ఓపిక కావల్లమ్మా. దీనికి ఆ ఓపిక ల్యా. ఇది నిద్ర కాదు, సత్తువ లేక పడుండేది. తాగదు కాబట్టి సత్తువ రాదు, సత్తువ రాదు కాబట్టి లేయదు. ఇట్లనే పడుంటే పోతాది."

పోతుంది అనే మాట ఆమె ఎంత మామూలుగా అందో నాకు ఇప్పటికీ గుర్తే. తిట్టలేదు, బెదిరించలేదు. రెండు గంటలకొకసారి లేపమంది. గుడ్డలు విప్పి, అరికాళ్లు వేలితో కొట్టి, వీపు రాసి, తడిగుడ్డతో మొహం తుడిచి లేపమంది. రొమ్ము పట్టకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోయమంది. నాకు చెంబు నిండా నీళ్లు ఇప్పించి, ఎదురుగా నిలబడి తాగించింది. ఇంకో రెండు రోజుల్లో రొమ్ము పట్టి తాగకపోతే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని చెప్పి వెళ్లింది.

ఆ రెండు రోజులూ నేను ఆ బిడ్డ అరికాళ్లు కొడుతూనే ఉన్నాను. బొటనవేలంత పాదం. కొట్టీ కొట్టీ ఎర్రగా కందిపోయింది. కాలు ముడుచుకునేది, నొసలు చిట్లించేది, కళ్లు మాత్రం తెరిచేది కాదు. ఉగ్గుగిన్నెతో పోస్తే సగం లోపలికి, సగం మెడ మడతల్లోకి. మా అత్త చూడలేక మొహం తిప్పుకునేది. ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చాలు లేమ్మే. పాపం, ఎట్ల పండుకోనుందో చూడు."

"పండుకోనుంటే పోతాదని చెప్పింది కదా నర్సమ్మ," అని నేను గట్టిగానే అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది. తర్వాత, కుంపటి లేని ఆ మూల చూస్తూ చెప్పింది. ఆమెకు మొదట పుట్టిన ఇద్దరు బిడ్డలు రాత్రీ పగలూ ఏడ్చి ఏడ్చి పోయారట. ఎందుకు ఏడ్చారో ఎవరికీ తెలియలేదట. మా ఆయన మూడోవాడు. పుట్టినప్పుడు ఏడవకుండా నిద్రపోయాడట, బతికాడట. అప్పటినుంచి ఆమె లెక్కలో నిద్రపోయే బిడ్డే బతికే బిడ్డ. నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆమె మీద నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఇద్దరం ఆ చేటకు అటూ ఇటూ కూర్చుని ఒకే భయంతో ఉన్నాం.

మా పక్కగది గోడకు ఆనుకుని ఒక బాడుగ కొట్టం ఉండేది. మడకశిర వైపు నుంచి వచ్చిన నేతమనిషి ఒకాయన అందులో మగ్గం పెట్టుకుని ఉండేవాడు. మా వంశం కాదు కాబట్టి ఆయనకు మైల లేదు. కానీ కాన్పు అయ్యేనాటికి ఆయన చెల్లెలి పెళ్లికని ఊరెళ్లి ఉన్నాడు. నర్సమ్మ వచ్చిపోయిన మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చాడు.

నేను ఉగ్గుగిన్నె పట్టుకుని కూర్చుని ఉన్నాను. గోడ అవతల ఉన్నట్టుండి పలక పడింది. దబ్. మళ్లీ దబ్. అన్ని రోజుల నిశ్శబ్దం తర్వాత అది నాకే ఉలికిపాటయింది. ఒడిలో బిడ్డ రెండు చేతులూ చాచింది. వేళ్లు విచ్చుకున్నాయి. నోరు తెరిచి అటూ ఇటూ వెతికింది. నేను గబుక్కున గిన్నె కింద పెట్టి రొమ్ము అందించాను. పట్టుకుంది. మూడు గుక్కలు, నాలుగు గుక్కలు లాగింది. గోడ అవతల పలక పడుతున్న వరసలోనే లాగుతోందని నాకు అనిపించింది. అంతలో మళ్లీ సన్నగిల్లి, నిద్రపోయింది. ఇంతేనా అని ఏడుపొచ్చింది.

కాసేపటికి ఆయన మగ్గం ఆగింది. పోగు తెగిందేమో, అతుక్కుంటున్నాడేమో. చప్పుడు ఆగిన కొద్ది క్షణాలకు బిడ్డ కళ్లు తెరిచింది. అవి నల్లగా, లోతుగా ఉన్నాయి. నేను వాటిని సరిగ్గా చూడడం అదే మొదలు. మొహం ముడిచింది, కింది పెదవి వణికింది, ఏడ్చింది. ఇంత గొంతు దీనికి ఎక్కడిదని నేను నోరు తెరుచుకుని కూర్చుండిపోయాను.

మా అత్త వెల్లుల్లి వొలిచే చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమి చేసినావే?"

"నేనేమీ చేయలేదత్తా. మగ్గం ఆగింది, లేచింది."

ఆమె నమ్మలేదు. నేనూ పూర్తిగా నమ్మలేదు. బిడ్డ మటుకు ఏడుపు ఆపి, రొమ్ము పట్టి, చెంప లోపలికి పోయేలా లాగి తాగింది. గుటక వేస్తున్న చప్పుడు మాకు వినపడింది. తర్వాత మా అత్త గోడ పక్కన నేల మీద చతికిలబడి, గోడకు చెవి పెట్టి కూర్చుంది. మగ్గం మొదలైంది, బిడ్డ నిద్రపోయింది. మా అత్త కదల్లేదు. చాలాసేపటి తర్వాత మళ్లీ ఒకసారి ఆగింది. ఆమె వేలు పైకెత్తి నాకు చూపించింది. ఇద్దరం చేటలోకి చూశాం. రెప్పలు కదిలాయి. బిడ్డ లేచింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. కడుపులో ఉన్నప్పుడు కూడా అంతే. నేను మగ్గం పక్కన కూర్చున్నంతసేపూ ఉందో లేదో తెలిసేది కాదు. మా ఆయన పలక ఆపి, బీడీ కాల్చుకోవడానికి లేచాడంటే చాలు, లోపల గిరగిరా తిరిగేది. గుంతకల్లులో మేమూ అంతే కదా, బండ్లు పోతుంటే నిద్రపోయి, యార్డులో షంటింగ్ ఆగితే లేచి కూర్చునేవాళ్లం. ఈ బిడ్డ వచ్చిన లోకమే పలక చప్పుడు. పుట్టగానే ఆ లోకాన్ని మేమే గౌరవంగా, ఆచారంగా, వీధి మొత్తం కలిసి ఆపేశాం. చప్పుడే లేకపోతే అది ఆగేదెప్పుడు, ఈ బిడ్డ లేచేదెప్పుడు?

సాయంత్రానికి గోడ అవతల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. మా అత్త పోయి అడిగింది. ఆ మడకశిరాయన చీర కోసి మడత పెడుతున్నాడు. మగ్గం మీది నిలువు పోగులు, ఆ పడుగు, అయిపోయింది. కొత్త పడుగు వచ్చి, పోగు పోగూ అతికి, మగ్గం ఎక్కేసరికి నాలుగైదు రోజులు పడుతుంది. "నాకు ముందే చెప్పింటే మెల్లగ నేస్తాంటిని కదమ్మా," అని ఆయన బాధపడ్డాడట.

మర్నాడు పొద్దున బిడ్డ మళ్లీ మొదటికొచ్చింది. అరికాళ్లు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. మా ఆయన బస్సు ఎన్నింటికో కనుక్కుని వచ్చాడు. ఎండ అప్పటికే మండుతోంది. ఆ ఎండలో, కిటకిటలాడే బస్సులో, ఆ గుప్పెడు ప్రాణం అనంతపురం దాకా నిలుస్తుందా అని ఎవరూ పైకి అనలేదు. మా అత్త కొంగు బిగించి అరుగు మీదికి పోయింది. మా మామ అక్కడ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నేను తలుపు వెనక నుంచి విన్నాను.

"లేయి. మగ్గం కొట్టల్ల. కొట్టి ఆపితేనే అది లేస్తాది," అంది ఆమె.

"మైల్లోనా?"

"మైల్లోనే."

"నేనే తప్పితే ఇంగ వీధిలో ఎవురు నిలుస్తారే? పెద్దోళ్లు పెట్టింది."

"నిన్ను నేయమన్నది ఎవురు? నాడె పట్టుకోవద్దు. ఉత్త పలక కొట్టు. పేక పడకుంటే గుడ్డ యాడ పుడతాది? గుడ్డ పుట్టకుంటే నేసినట్టు ఎట్లయితాది?"

మా మామ ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తుంటే మాకు ప్రాణాలు పోతున్నాయి.

"ఉత్తగ కొడితే పడుగు పోగులు రాసుకుంటాయి. తెగుతాయి," అన్నాడు చివరికి.

"తెగితే అతుకుతావు. అది తెగితే ఎవురు అతుకుతారయ్యా?"

ఆయన లేచి బావి దగ్గరికి పోయి తలమీద నీళ్లు కుమ్మరించుకున్నాడు. తడిపంచెతోనే లోపలికి వచ్చాడు. మగ్గం మీది గుడ్డ తీసి కళ్లకద్దుకున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి నాడె మీదికి పోతుందని, నాడెలన్నీ తీసి ఎత్తుగా ఉన్న గూట్లో పెట్టేశాడు. గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని, పలక పట్టుకుని, అడ్డదారం లేకుండా, ఖాళీగా, మొదటి దెబ్బ కొట్టాడు.

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. మైలలో చప్పుడేమిటని ఒక్కొక్కరూ వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డారు. మా ఆయనకు అన్న వరసయ్యే ఒకాయన లోపలికి తొంగి చూశాడు.

"ఏమి పెద్దనాయనా, మైల కదా?"

"నేస్తే కదప్పా మైల. చూడు, నాడెలు గూట్లో ఉండాయి," అన్నాడు మా మామ, చెయ్యి ఆపకుండా.

ఆయన గూట్లోకి చూశాడు, మగ్గం మీదికి చూశాడు, గుమ్మం పక్కకు జరిగి నిలబడ్డాడు. మా మామ కొడుతూనే ఉన్నాడు. జీవితంలో ఎన్నడూ దారం లేని దెబ్బ కొట్టి ఎరగని మనిషి. మొహం మీంచి నీళ్లో చెమటో కారుతోంది. చాలాసేపయ్యాక మా అత్త నా గది గుమ్మానికి కట్టిన తెర పక్కకు తీసి చెయ్యెత్తింది. పలక ఆగింది. గుమ్మం ముందు నిలబడ్డవాళ్లు కూడా కదల్లేదు.

ఏమీ జరగలేదు. నేను చేటలోకే చూస్తున్నాను. ఏమీ జరగలేదు. మా అత్త పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో. అప్పుడు బిడ్డ ఎడమ చెయ్యి కదిలింది, గుడ్డ అంచు పట్టుకుంది. కళ్లు తెరిచి, దూలం వైపు చూసి, ఏడ్చింది. నేను తీసుకుని రొమ్ముకు పెట్టుకున్నాను. తాగింది. రెండు వైపులా తాగింది. నేను ఏడుస్తున్నానని నా కన్నీళ్లు దాని చెంప మీద పడ్డాక కానీ నాకు తెలియలేదు. చదువుకోకపోయినా పర్వాలేదు, అందంగా లేకపోయినా పర్వాలేదు, ఇలా లేచి ఏడుస్తూ ఉంటే చాలు తల్లీ అని దాని చెవిలో చెప్పాను.

సాయంత్రం నర్సమ్మ కాటా తెచ్చింది. బరువు తగ్గలేదు. రెండు రోజులాగి తూస్తే కాస్త పెరిగింది. మా అత్త మగ్గం సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నర్సమ్మ ఓపిగ్గా విని నవ్వింది.

"ఏమోనమ్మా. బిడ్డకు నాలుగు దినాల వయసు పెరిగింది, దానికే సత్తువ వచ్చిందేమో. మగ్గమో మన్నో, లేపినారు, తాగింది. మానద్దండి."

ఆమె అన్నదే నిజమేమో. నాకు ఇప్పటికీ తేలలేదు, తేలాలని కూడా లేదు. మేం మాత్రం మానలేదు. మైల తీరేదాకా మా మామ, మా ఆయన వంతులేసుకుని ఖాళీ పలక కొట్టారు. తెగిన పోగులు ముడేసుకుంటూ కొట్టారు. పాలవేళకు ఆపేవారు. బిడ్డ లేచేది.

మైల తీరింది. ఇల్లు కడిగి, నాకూ బిడ్డకూ తలంటి, మగ్గాలకు పూజ చేశారు. అప్పుడే నాకు కొత్త భయం పట్టుకుంది. ఇప్పుడు వీధిలో అన్ని మగ్గాలూ మొదలవుతాయి. మా ఇంట్లో ఒక్క మగ్గం ఆపితే ఏం లాభం? చుట్టూ చప్పుడు ఆగదుగా. బిడ్డ ఇంకా చేటలో సగమే ఉంది, దానంతట అది లేచే రోజు ఇంకా రాలేదు. అన్ని రోజులు మా కోసం పస్తులకు దగ్గరగా కూర్చున్నవాళ్లు వాళ్లు. ఇంకా ఆపండని ఏ మొహం పెట్టుకుని అడగడం? మా ఆయనతో అంటే ఆయన తల వంచుకుని దారం చుట్టిన కండెలు సర్దుకున్నాడు.

మగ్గాలు మొదలయ్యాయి. ఎదురిల్లు, పక్కిల్లు, వీధి చివరి ఇల్లు, అన్నీ. ఆకలి మీద ఉన్న చప్పుడు అది. గోడలు, మంచం కోళ్లు, ఉగ్గుగిన్నెలో పాలు, అన్నీ సన్నగా అదిరాయి. బిడ్డ ఆ చప్పుడు మధ్య హాయిగా, నిండుగా నిద్రపోయింది. పాలవేళయింది. మా మామ తన మగ్గం ఆపాడు. ఆగినట్టే తెలియలేదు. నేను గుడ్డలు విప్పాను. అరికాలు కొట్టాను. వీపు రాశాను. రొమ్ముకు పెడితే రెండు గుక్కలు లాగి వదిలేసింది. మా అత్త నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను.

అప్పుడు ఎదురింటి మగ్గం ఆగింది. పోగు తెగిందేమో అనుకున్నాను. దాని పక్కది ఆగింది. మా పక్కింటిది ఆగింది. ఒక్కొక్కటే, ఒక్కొక్కటే, చప్పుడు పలచబడుతూ వీధి చివరిదాకా పోయింది. చివరి ఇంట్లో ఇంకో రెండు దెబ్బలు పడి, అదీ ఆగింది. మళ్లీ కాకి అరుపు వినపడింది. మేం ఎవరినీ అడగలేదు. ఎవరూ మాకు మాట ఇవ్వలేదు. ఆ వీధంతా చేతులు పలకల మీద పెట్టుకుని, మా గది వైపు చెవులొగ్గి కూర్చుని ఉంది.

నా ఒడిలో బిడ్డ కళ్లు తెరిచి, వీధంతా వినపడేలా ఏడ్చింది.

మా అత్త గుమ్మంలోకి పోయి నిలబడింది. అటు నుంచి ఎవరో అడిగారు, "లేచినాదా పాప?"

"లేచినాది," అంది ఆమె. మళ్లీ అంది, "తాగతాండాది. ఇంగ మీరు నేసుకోండప్పా."

అయినా చాలాసేపటిదాకా ఒక్క పలక కూడా కదల్లేదు.